పెట్టె వెనక సాదియా

భైంసాలో పుట్టి పెరిగినవాళ్లకు మూడు భాషలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. సాదియాకూ వాటంతట అవే వచ్చాయి. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు, నాందేడ్ వైపు నుంచి వచ్చేవాళ్లతో మరాఠీ. నాన్న ఇబ్రాహీంకు బస్టాండు దగ్గర చిన్న బట్టల దుకాణం ఉండేది. బడి వదలగానే సాదియా అక్కడికే చేరేది. గడప తొక్కినవాళ్లు ఏ భాషలో నోరు తెరిస్తే ఆ భాషలోనే పలకరించేది. బేరం కుదరక వెళ్లిపోయేవాళ్లు కూడా ఆ పిల్లతో రెండు మాటలు మాట్లాడి వెళ్లేవాళ్లు.

తర్వాత ఆ నోరే ఆమెకు బతుకుదెరువయింది. డిగ్రీ అయ్యాక ముకర్రంతో పెళ్లయింది. అతను పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. అత్త బిస్మిల్లా బీ పెళ్లిళ్లకు దేగిశాల కొద్దీ బగారా అన్నం వండే మనిషి. ఉప్పు రుచి చూడకుండా, ఆవిరి వాసనతోనే సరిపోయిందో లేదో చెప్పేదని మొహల్లాలో పేరు. కొడుకు అవేజ్ పుట్టాక వాణ్ని అత్త చేతిలో పెట్టి సాదియా రోజూ నిర్మల్ వెళ్లొచ్చేది. అక్కడ ఒక గ్యాస్ ఏజెన్సీలో ఫోన్లు ఎత్తే పని. "సిలిండర్ ఎప్పుడొస్తదమ్మా" అని చిరచిరలాడుతూ మొదలుపెట్టినవాళ్లు ఫోను పెట్టేసేటప్పటికి "మీ పిలగాడు మంచిగున్నడా" అని అడిగేవాళ్లు.

కొన్నేళ్లకు ఏజెన్సీ వాళ్లు ఆ ఫోనుకు యంత్రాన్ని పెట్టారు. సాదియాను ఇక రావద్దన్నారు. మర్నాడు ఇంట్లోంచి ఆ నంబరుకు తనే ఫోన్ చేసింది. "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అంది ఒక గొంతు. ఒకటి నొక్కింది. అది మళ్లీ ఇంకేదో నొక్కమంది. సాదియా చాలాసేపు ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూర్చుండిపోయింది. తను చేసిన పని అంతా ఇంతేనా అనిపించింది.

నవ్యశ్రీ వచ్చింది ఆ రోజుల్లోనే. కరీంనగర్ అమ్మాయి, హైదరాబాదులో ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మనుషులు కంప్యూటర్లతో ఎలా మెలుగుతారు, దాన్నిబట్టి సమాచారం అందించే ఏర్పాట్లు ఎలా ఉండాలి అన్నది ఆమె చదువు. మూడు భాషలూ వచ్చిన మనిషి కావాలని వెతుకుతుంటే ఎవరో సాదియా పేరు చెప్పారు.

"ఇప్పటిదాంక మనిషే మెషీన్ చెప్పినట్టు ఇన్నడక్కా," అంది నవ్యశ్రీ. "ఒకటి నొక్కమంటె ఒకటి, రెండు నొక్కమంటె రెండు. ఇంక గట్ల నడువది. చదువు రానోళ్లు గూడ నోటితోని అడుగుతరు, మెషీన్ నోటితోనే చెప్తది. గా మెషీన్‌ను చేసేముందు, దానితోని జనం ఎట్ల మాట్లాడ్తరో మాకు తెల్వాలె."

"మెషీన్ లేకుండ మెషీన్‌తోని ఎట్ల మాట్లాడ్తరు?"

"మెషీన్ ఉన్నదనుకుంటరు. లోపట నువ్వు ఉంటవు."

సాదియాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఫోను దగ్గరి నుంచి తనను లేపింది యంత్రం. ఇప్పుడు తననే యంత్రంలా నటించమంటున్నారు. ఇలాంటి పరీక్షలు ఎన్నో దేశాల్లో చాలాకాలంగా చేస్తున్నవేనని, ఎవరి పేరూ రాసుకోకుండా ఫోను నంబరు మాత్రమే తీసుకుంటామని, అంతా అయిపోయాక లోపల ఉన్నది మనిషేనని అందరికీ ఫోన్ చేసి చెబుతామని నవ్యశ్రీ వివరించింది. అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పకూడదు. సాదియా ఒప్పుకుంది. ఇంట్లో కంప్యూటర్ పని అని చెప్పింది. అది అబద్ధం కాదు.

బస్టాండు వెనక సందులో రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ముందు గదిలో బల్ల మీద నిర్మల్‌లో చేయించిన రంగుల చెక్కపెట్టె, దానిలో స్పీకరు, మైకు. వెనక గదికి దారి వేరే సందులోంచి. అక్కడ సాదియా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేది. ఆమె మాట్లాడితే కంప్యూటరు ఆ గొంతును మార్చి, ఆడా మగా తెలియని ఒక చదునైన గొంతుగా పెట్టెలోంచి పలికించేది. వచ్చినవాళ్ల మొహం కనబడకుండా కెమెరాను బల్ల వైపు దించి పెట్టారు. తెర మీద చేతులు మాత్రం కనిపించేవి.

మొదటి రోజుల్లో పింఛను ఎప్పుడు, బాసర బస్సు ఎన్నింటికి, పత్తికి ఏ మందు కొట్టాలి, ఇలాంటివే అడిగారు. నవ్యశ్రీ పక్కనే కూర్చుని వివరాలు వెతికి ఇచ్చేది, సాదియా చెప్పేది. ఆ తర్వాత జరిగింది మాత్రం ఇద్దరూ అనుకోనిది. జనం అడగాల్సింది అడిగేశాక లేచి పోవడం లేదు. కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి, మరేదో మొదలుపెడుతున్నారు.

ముత్యం అనే పెద్దమనిషి పింఛను సంగతి అడిగి, తర్వాత పెట్టె మీదికి వంగి, "నాకు చదువ రాదు" అన్నాడు. సాదియా ఉలిక్కిపడింది. ఆ గొంతు ఆమెకు తెలుసు. చౌరస్తా హోటల్లో రోజూ పొద్దున్నే పేపరు విప్పి పట్టుకుని కూర్చునేది అతనే. "బొమ్మలు చూసి పక్కపొంటోళ్ల ముచ్చట్లు ఇని నడిపిస్తున్న. నా పెండ్లానికి గూడ తెల్వది. జర పేపర్ సదివే మెషీన్ ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

వినోద అనే ఆమె తన అత్తింటివాళ్ల గురించి చెప్పిన మాటలు విని నవ్యశ్రీ కళ్లు తుడుచుకుంది. బాసరలో పిల్లకు అక్షరాభ్యాసం చేయించడానికి వెళ్తూ బస్సు మారడానికి దిగిన ఒక తల్లి, ఇంటికి తిరిగి పోకుండా పిల్లతో కొన్నాళ్లు ఉండే చోటు అక్కడ దొరుకుతుందా అని అడిగింది. సాదియా సత్రాల వివరాలు చెప్పింది. ఇంకేం చెప్పాలో ఆ చదునైన గొంతుకు తోచలేదు. ఆ తల్లి "సరే మరి" అని వెళ్లిపోయింది.

సాదియా పొద్దంతా విన్నది ఎవరితోనూ చెప్పుకోకూడదు. ఇంటికొచ్చాక మాట్లాడాలనిపించేది కాదు. అత్త ఏదైనా అడిగితే "ఊ" అనేది. ఆమె వండిన కూరలో ఉప్పు రెండుసార్లు పడితే పెద్దతనం అనుకునేది. ఒకసారి ఎవరో తెలిసినవాళ్లు అత్తను బండి మీద తెచ్చి దింపి పోతే చుట్టాలింటికి పోయొచ్చిందనుకుంది. అడగలేదు.

పత్తి మార్కెట్ జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం తెర మీద రెండు చేతులు వచ్చి బల్ల మీద ఆనాయి. కుడి ముంజేతి మీద పాత కాలిన మచ్చ. దేగిశా మూత తీస్తుంటే ఆవిరి కొట్టిన మచ్చ అది. సాదియా కుర్చీలో ముందుకు జరిగింది.

"ఏమన్న అడుగొచ్చన్నది లస్మవ్వ," అంది బిస్మిల్లా బీ తెలుగులో. లస్మవ్వ వాళ్ల పక్కింటామె. "నువ్వు ఎవరికి చెప్పవంట గద."

పక్కనున్న నవ్యశ్రీకి ఏమీ తెలియదు. మాట్లాడమన్నట్టు తలూపింది. సాదియా రోజూ చెప్పే మాటే చెప్పింది. "నమస్కారం. చెప్పండి."

"నువ్వు ఆడదానివో మొగోనివో తెల్వది, బేటా అంట. మాఫ్ చెయ్యి. నేను అందరిని బేటా అనే అంటున్న ఇప్పుడు." ఆ చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "పేర్లు పోతున్నయి బేటా. ముందుగాల చుట్టాలయి పోయినయి. తర్వాత గల్లీల వాళ్లయి. మొన్న నా మనుమడు ఎదురుగ నిలబడ్డడు, వాని పేరు నోటికి రాలే. వాణ్ని ఈ చేతులతోని పెంచిన. పేరు తప్పు చెప్తె ఇంట్ల తెలుస్తదని బేటా, బేటా అంటున్న. వాళ్లు ప్రేమ అనుకుంటున్నరు."

సాదియా కూడా అలాగే అనుకుంది. ఈ మధ్య అత్తకు మనవడి మీద ప్రేమ ఎక్కువైందని ముకర్రంతో నవ్వుతూ చెప్పింది కూడా.

"మార్కెట్ కాడికి పోయి నిలబడ్డ. ఎందుకొచ్చిన్నో తెల్వది, ఇల్లు ఎటో తెల్వది. ఎవలో తెచ్చి దించిన్రు. వలీమా విందుకు వండుమని వచ్చినోళ్లకు కాళ్ల నొప్పులని చెప్పి పంపిన. నొప్పులు లేవు. ఎసరుల ఏం ఏసిన్నో, ఏం ఎయ్యలేదో యాదికుంటలేదు. ఇదేం రోగం బేటా?"

నవ్యశ్రీ తెర మీద జవాబు చూపించింది. సాదియా చదివింది. ఆ గొంతు పెట్టెలోంచి ఏ వణుకూ లేకుండా పలికింది. "దీనికి చాలా కారణాలు ఉండవచ్చు. కొన్ని మందులతో తగ్గుతాయి. డాక్టరుకు చూపించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"ఎవలకు చెప్పాలె? కొడుకు మిల్లు నుంచి వచ్చి పడుకుంటడు."

తర్వాతి ప్రశ్న తెర మీద లేదు. సాదియానే అడిగింది. "కోడలు లేదా?"

"ఉన్నది. మంచిదే. పొద్దంత యాడనో పని చేసి వస్తది. ఇంటికొస్తె ఆమె నోట్ల మాట మిగులది. నేనేదన్న అంటె ఊ అంటది. నా దిక్కు సూడకుండనే అంటది." బిస్మిల్లా బీ పెట్టెను నెమ్మదిగా తట్టింది. "నువ్వు నయం. నువ్వు అడుగుతున్నవ్."

సాదియా నోరు తెరిచింది. మాట రాలేదు. నవ్యశ్రీ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఏమైందని సైగ చేసింది. అవతల పెట్టె మూగబోయింది.

"ఖరాబైందా?" అంది బిస్మిల్లా బీ.

సాదియా హెడ్‌ఫోన్లు తీసింది. రెండు గదుల మధ్య పరదా వెనక ఒక తలుపుంది. అది తెరవకూడదన్నది మొదటి రోజు పెట్టుకున్న నియమం. గడియ తీసి అవతలికి వెళ్లింది.

బిస్మిల్లా బీ తలెత్తి చూసింది. ఆ చూపులో ఒక్క క్షణం, ఈమె ఎవరు అన్న వెతుకులాట కనబడింది. అంతలో పెద్దామె చూపు కోడలిని దాటి వెనక గదిలోకి పోయింది. కంప్యూటరు, మైకు, లేచి నిలబడ్డ నవ్యశ్రీ. పేర్లు పోతున్నాయన్న ఆ మనిషికి ఈ సంగతి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అండ్ల నువ్వేనా?"

"నేనే అమ్మీ."

బిస్మిల్లా బీ అరవలేదు, ఏడవలేదు. భుజం మీది ఓణీని ముందుకు లాక్కుని మొహం కప్పుకుంది. ముక్కూమొహం తెలియని మగవాళ్ల ముందు కప్పుకున్నట్టు, తన కోడలి ముందు కప్పుకుంది. అలాగే లేచి బయటికి నడిచింది.

సాదియా వెనకే వెళ్లింది. సందు చివర బిస్మిల్లా బీ కుడి వైపు తిరిగింది. ఇల్లు ఎడమ వైపు. సాదియా పిలవకుండా నాలుగడుగులు వెనకే నడిచింది. కాస్త దూరం పోయాక పెద్దామె నడక తడబడింది. ఒక మూసిన దుకాణం ముందు ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"ఎటు?"

"ఇటు అమ్మీ. మనం వెనక్కి పోవాలె."

ఇంటిదాకా సాదియా ఒక అడుగు ముందు నడిచింది.

ముకర్రం మిల్లు నుంచి రాగానే సాదియా అంతా చెప్పేసింది. అతను గోడకు ఆనుకుని తల్లి గది వైపు చూశాడు. "అమ్మీ రోజు నాకు సద్ది కట్టిస్తది," అన్నాడు. "ఎన్నోసార్లు డబ్బాల ఉత్త రొట్టెనే ఉండె. కూర లేదని కోపానికొచ్చిన." నిజామాబాదులో పెద్ద డాక్టరుకు చూపిద్దామని తల్లి దగ్గరికి పోయాడు.

"నేను రాను," అంది బిస్మిల్లా బీ. కోడలి వైపు చూడకుండా, కోడలికే చెప్పింది. "నాకైతె తెలిసింది. మిగిలినోళ్లకు తెల్వది. పెట్టె అనుకొని కడుపుల ఉన్నదంత కక్కిపోయిన్రు. పొయ్యి చెప్పు ఆళ్లకు. అందరికి చెప్పినంక నేను దవాఖానకు వస్త."

"అంత అయినంక చెప్తమనే అన్నరు అమ్మీ."

"అప్పటిదాంక నీకు పొద్దు గడుస్తది. ఆళ్లు రోజు నీ ముంగటికెల్లి నడుస్తున్నరు. సలాం చేస్తున్నరు."

నవ్యశ్రీ ఆ మధ్యాహ్నం నుంచీ తేరుకోలేదు. హైదరాబాదులో తన ప్రొఫెసరుకు ఫోన్ చేసింది. ఇప్పుడే చెప్పేస్తే ఇన్నాళ్ల పని పనికిరాకుండా పోతుందన్నాడాయన. జనం చెప్పుకున్నవి కొన్ని, పేర్లు లేకుండా, ఆమె ఆయనకు చెప్పింది. బస్సు వేళలు అడుగుతారనుకున్నామే అన్నాడాయన. పని ఆపి, వెళ్లి చెప్పమన్నాడు.

ఆ నంబర్లకు ఫోన్ చేసి ఎక్కడుంటారో కనుక్కుని, ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగారు. ముత్యం హోటల్లో పేపరు పట్టుకుని ఉంటే బయటికి పిలిచి చెప్పారు. అతని మొహం పాలిపోయింది. పేపరును మడత మీద మడత పెట్టి చంకలో ఇరికించుకున్నాడు.

"నువ్వని తెలిస్తె చెప్పకపోతుంటి బిడ్డా," అన్నాడు. "ఇంకెవలకు తెలుసు?"

"మా ఇద్దరికే. బయటికి పోదు."

అతను రోడ్డు వైపు చూశాడు. "మరి గా పింఛన్ ముచ్చట నిజమేనా, అదిగూడ ఉత్తదేనా?"

"నిజమే కాకా. అడిగి తెలుసుకొనే చెప్పిన."

"అయితె సరే," అని లోపలికి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు, సాయంత్రాలు సాదియా వాళ్లింటికి వచ్చి అవేజ్ పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కోవడం మొదలుపెట్టాడు. అందరూ అలా లేరు. వినోద మాట పూర్తి కాకుండానే తలుపు మూసేసింది. ఇప్పటికీ సాదియా ఎదురైతే అవతలి వైపుకు దాటి పోతుంది. దాన్ని సాదియా తప్పుపట్టదు. బాసర వెళ్లిన తల్లి ఇచ్చిన నంబరు పనిచేయలేదు. ఆమె ఎక్కడుందో, ఆ సత్రానికి వెళ్లిందో లేదో ఎవరికీ తెలియదు. తాను మనిషినని ఆమెకు చెప్పలేకపోయానన్న బాధ సాదియాను ఈ రోజుకీ వదల్లేదు.

అన్న మాట ప్రకారం బిస్మిల్లా బీ నిజామాబాదు వచ్చింది. డాక్టరు రక్తపరీక్షలు చేయించాడు. థైరాయిడ్ బాగా తగ్గిందన్నాడు. కొంత దానివల్ల, కొంత వయసువల్ల అన్నాడు. మాత్రలు మొదలుపెట్టారు. చలికాలం గడిచేసరికి కొంత తిరిగొచ్చింది, కొంత రాలేదు. దారులు గుర్తుకొచ్చాయి. పేర్లు ఇప్పటికీ తడబడతాయి. ఇప్పుడు తడబడితే దాచుకోదు, "వీని పేరేంది?" అని అవేజ్ ముందే అడుగుతుంది, వాడు నవ్వుతూ చెబుతాడు. కోడలితో మాత్రం చాలా రోజులు ముభావంగానే ఉంది. ఒక పూట ఉల్లిగడ్డలు తరుగుతూ, తల ఎత్తకుండా, "అప్పుడు కోడలు లేదా అని అడిగినవు గద. అది ఆళ్లు రాసిచ్చిందా, నువ్వే అడిగినవా?" అంది.

"నేనే అడిగిన అమ్మీ."

బిస్మిల్లా బీ ఇంకో ఉల్లిగడ్డ అందుకుంది. ఆ పూట ఇద్దరూ పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నారు.

నవ్యశ్రీ మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గది బయటే, పెట్టె వెనక మనిషి ఉందని ముందే చెప్పారు. జనం వచ్చారు, బస్సులూ పింఛన్లూ అడిగి వెళ్లిపోయారు. ఒక్కరూ గొంతు తగ్గించలేదు. ఆ తర్వాతి ఏడు నిజంగానే మనిషి లేని యంత్రం వచ్చింది. దానంతట అదే విని, దానంతట అదే జవాబు చెబుతుంది. లోపల ఎవరూ లేరని తెలియగానే జనం మళ్లీ పెట్టె మీదికి వంగారు. అది చూసి నవ్యశ్రీ తన ప్రశ్ననే మార్చుకుంది. యంత్రం ఎంత బాగా మాట్లాడాలన్నది ఆమె మొదట పట్టుకున్న ప్రశ్న. దాన్ని వదిలేసింది. మనిషి తన మాట ఎవరు వింటున్నారనుకుని చెబుతాడు, ఆ మాట నిజంగా ఎక్కడికి పోతుంది అన్నదాని మీద ఇప్పుడు ఆమె పరిశోధన సాగుతోంది. తన రంగంలో చాలామంది ఇప్పుడు ఇటే తిరుగుతున్నారని చెబుతుంది.

సాదియా ఇప్పుడు ముందు గదిలో కూర్చుంటుంది. వచ్చినవాళ్లకు, వాళ్లు నోరు తెరవక ముందే, ఈ మాటలు ఎక్కడ దాస్తారో, ఎవరు వినగలుగుతారో, వద్దంటే ఎలా తీసేయించుకోవాలో మూడు భాషల్లో చెబుతుంది. విని కొందరు లేచి పోతారు. కొందరు కూర్చుంటారు.

మొన్న నవ్యశ్రీ ఒక సంగతి తెచ్చింది. ఆ చదునైన గొంతు బాగాలేదని, మనిషి గొంతు పెడితే జనానికి ఇంకా దగ్గరవుతుందని యూనివర్సిటీలో పైవాళ్లు అంటున్నారట. కొన్ని గంటలు మాట్లాడి రికార్డు చేయిస్తే చాలు, సాదియా ఎన్నడూ అనని మాటలు కూడా యంత్రం సాదియా గొంతుతోనే అంటుందట.

"నేను అననియి గూడనా?" అంది సాదియా.

"అవునక్కా."

సాదియా చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ రంగుల పెట్టెను చూసింది.

"వద్దు నవ్యా," అంది. "నా గొంతు ఇంటె లోపట మనిషున్నదనుకుంటరు. ఉన్న గొంతే ఉండనియ్యి."

నవ్యశ్రీ ఆ మాటే పైకి రాసి పంపింది. జవాబు ఇంకా రాలేదు.